పసుపు లేని నరం

నేను ఒక ఎముకను. దేవుడు చేసినదాన్ని కాను లెండి, ప్రింటరు చేసినదాన్ని. చెవి వెనక చెయ్యి పెట్టి చూసుకుంటే గట్టిగా తగులుతుందే, ఆ ఎముకకు నకలును. ఒక పెద్దాసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో కిటికీ పక్కనున్న ప్రింటరు రోజంతా గీపెడుతూ, పొర మీద పొర పోసి నన్ను కన్నది. పుట్టినప్పుడు ఒంటినిండా కాలిన ప్లాస్టిక్ వాసనే.

నాకంటే ముందు పుట్టిన అక్కలది మహా వైభోగం. మనిషి ముఖాన్ని కదిలించే, రెప్పలు మూయించే నరం ఈ ఎముక లోపలి నుంచే, నూలుపోగంత సన్నంగా పోతుంది. జూనియర్ డాక్టర్లు గుర్తుపట్టాలని అక్కల్లో ఆ నరాన్ని పసుపు రంగులో అచ్చేసేవారు. పిల్లలు డ్రిల్లుతో తొలుచుకుంటూ పోయి, పసుపు కనపడగానే ఆగేవారు. అందరిలోకీ హిమజ ఘటికురాలు. అక్కల్ని వరసపెట్టి తొలిచింది, ఏ ఒక్కదాని నరానికీ గీత పడనివ్వలేదు. "అబ్బ, నీ చెయ్యి బంగారం తల్లీ!" అనేవారు తోటివాళ్లు. ఆ అమ్మాయి లోలోపల మురిసిపోయేది. ఎవరు మురవరు?

అలాంటి రోజుల్లో వచ్చారు షేక్ బాబూజాన్ గారు. చీరాల వైపు నాదస్వర విద్వాంసులు. ఏళ్ల తరబడి చెవిలో చీము, అది ఎముకలోకి పాకింది. ఆపరేషన్ తప్పదన్నారు. ఆయన హిమజను అడిగింది ఒక్కటే.

"చెవుడొచ్చినా సర్దుకుంటా డాక్టరమ్మా. మూతి మాత్రం వంకర పోనీమాకండి. పెదాలు బిగవకపోతే నాదస్వరం పీక నోట్లో నిలవదు. పీక నిలవకపోతే ఇంక నేనెందుకు?"

ఆపరేషన్ హిమజ చేస్తుందనీ, పక్కన తాను నిలబడతాననీ పెద్ద డాక్టరు కోటిలింగం గారు చెప్పారు. ఆ తర్వాత ఏమనుకున్నారో ఏమో, బాబూజాన్ గారి స్కానింగు తెప్పించి, "దీన్ని అచ్చేయండి. రంగులొద్దు, అంతా ఒకటే తెలుపు" అన్నారు. అలా పుట్టాను నేను.

హిమజ నన్ను బిగించి డ్రిల్లు పట్టింది. ధీమాగా తొలుస్తోంది, పసుపు కోసం చూస్తోంది. నాలో పసుపెక్కడిది! నోరుంటే 'ఆగవే తల్లీ' అని కేక పెట్టేదాన్ని. కర్రుమని నా నరం తెగింది. ఆ పిల్లకు ఆ సంగతి కూడా తెలియలేదు.

"ఇంకా నరం రాలేదేంటి సార్?" అంది.

"వచ్చింది, వెళ్లింది కూడాను" అన్నారు కోటిలింగం గారు. కోప్పడలేదు. "నీకు నరం తెలీదమ్మాయ్. పసుపు రంగు తెలుసు. తప్పు నీ ఒక్కదానిదే కాదులే, రంగేసి ఇచ్చిన మాది కూడా."

హిమజ నన్ను అరచేతిలో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆపరేషన్ కొన్నాళ్లు వాయిదా వేయమని తనే అడిగింది. నా తర్వాత నాలాంటి తెల్ల చెల్లెళ్లు పుడుతూనే ఉన్నారు, పొడైపోతూనే ఉన్నారు. ఆ అమ్మాయి రంగు వెతకడం మానేసింది. లోపలున్న బుల్లి ఎముక ఎక్కడుంది, దాని పక్క నుంచి నరం ఎటు వంగుతుంది, ఇలా ఇరుగుపొరుగును ఆనవాలు పట్టి నడవడం నేర్చుకుంది. నన్ను మాత్రం కోటు జేబులో వేసుకుని తిరిగేది. ధీమా ఎక్కువైనప్పుడల్లా బొటనవేలితో నా గాటు తడుముకునేది. ఆ జేబులో గడిపిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

ఆపరేషన్ రోజు కోటును లోపలికి రానివ్వరు కదా, బయట కొక్కేనికి వేలాడుతూ ఉండిపోయాను. ఎంతసేపని! ప్లాస్టిక్‌కు ప్రాణం లేదంటారు గానీ, ఆవేళ అది పోయినంత పనైంది. చివరికి హిమజ వచ్చి కోటు తొడుక్కుని బాబూజాన్ గారి మంచం దగ్గరికి నడిచింది. చెయ్యి జేబులో నన్ను బిగించి పట్టుకునే ఉంది, చెమటతో తడిసిపోయాను.

"సాహెబ్ గారూ, బుగ్గలు పూరించండి."

ఆయన మత్తులోనే ఊపిరి తీశారు. బుగ్గలు రెండూ సమానంగా ఉబ్బాయి. దుప్పటి మీద వేళ్లు నాదస్వరం రంధ్రాలు మూస్తున్నట్టు కదిలాయి. కోటిలింగం గారు "సరే, నేను టీ తాగొస్తా" అని గబగబా బయటికి వెళ్లిపోయారు. ఆయన కళ్లు తడిసిన సంగతి అందరికీ తెలుసు.

ఇప్పుడు కోటిలింగం గారు లేరు. పాఠం హిమజే చెబుతుంది. నరానికి డ్రిల్లు తగిలితే కూతపెట్టే కొత్త నమూనాలు వచ్చాయి, గొప్పవే. నేను ఆమె బల్ల మీద కాగితాలు ఎగరకుండా కూర్చుంటాను. మొన్న బాబూజాన్ గారు చెవి చూపించుకోవడానికి వచ్చారు, వెంట పెళ్లి మేళం నుంచి తెచ్చిన లడ్డూల పొట్లం. నన్ను చూశారు. తన ఎముకకు నకలు తీశారని అప్పట్లో హిమజే ఆయనకు చెప్పింది.

"ఇదేనా అమ్మా నా ఎముక?" అని చేతిలోకి తీసుకుని తిప్పారు. గాటు దగ్గర వేలు ఆగింది. "మరిదేందీ, ఇక్కడ తెగినట్టుంది?"

హిమజ దాచలేదు. "అది మీకు పడాల్సిన గాటు సాహెబ్ గారూ. దానికి పడింది."

ఆయన నన్ను రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకున్నారు. రెండు రెప్పలూ ఒక్కసారే, ఒక్కలాగే మూసుకున్నాయి.