నల్లకోటుకి లోతు జేబులు

ముప్పై ఏళ్ళుగా లాయర్లకి నల్లకోట్లు కుట్టి కుట్టి దర్జీ నడుము వంగింది గానీ, అతన్ని కూర్చోమన్న పాపాన ఒక్క లాయరూ పోలేదు. ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసినవాడికి కుర్చీ ఎవడిస్తాడు? అందుకే మేనకోడలు లా పాసైన రోజే, టేపు పట్టకుండా, కంటి కొలతతోనే నల్లకోటు కుట్టి హాంగరుకి తగిలించాడు. అది వేసుకుని ఆ పిల్ల కోర్టు మెట్లెక్కితే తన కడుపుమంట చల్లారుతుందని ఆశ.

ఆ పిల్లేమో వచ్చి, "మామయ్యా, ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఉద్యోగం వచ్చింది" అంది.

"మరి కోటో?"

"దానికి కోటు అక్కర్లేదుగా."

కొట్లోనే ఉన్న వాయిదాల లాయరు పకపకా నవ్వాడు. కేసు వాదించడంలో కంటే వాయిదా అడగడంలో పేరు తెచ్చుకున్న మనిషి. "లా చదివి తలుపులూ మరుగుదొడ్లూ లెక్కపెట్టడమేంటమ్మా? నా దగ్గరికి రా, ఫైళ్ళు మోద్దువుగాని."

దర్జీకి తల కొట్టేసినట్టయింది. నెల రోజులు మేనకోడలితో ముక్తసరిగానే మాట్లాడాడు.

ఓ మధ్యాహ్నం కాజాలు వేయించుకుందామని రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళాడు. మూడో అంతస్తులో రెండొందల మిషన్లు. వెనక తలుపు దగ్గర బట్టల బేలు మీదికెక్కి, పైగొళ్ళేనికున్న తాళాన్ని నిక్కి నిక్కి చూస్తోంది మేనకోడలు.

"ముందు మెట్ల దగ్గర అగ్గి పుడితే బయటపడే తలుపు ఇదొక్కటే. తాళం ఎందుకేశారు?"

"దొంగల భయమమ్మా," అన్నాడు మేనేజరు. "తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది, భోజనానికెళ్ళాడు. మీరు వెళ్ళండి, తీయించేస్తాం."

"ఫర్లేదండీ, ఉంటాను." బేలు మీదే కూర్చుని చేతి గడియారం చూసుకుంది.

తాళంచెవి కంటే ముందు ఫ్యాక్టరీ తరఫున వాయిదాల లాయరొచ్చాడు, దర్జీ కుట్టిన కోటులోనే. "పదిహేను రోజులు టైమిస్తే..."

"నన్నడిగితే ఇస్తానేమో సార్. నిప్పుని ఎవరడుగుతారు?"

చివరికి వాచ్‌మన్ వచ్చి తలుపు తీశాడు. ఆ పిల్ల పైకి చదువుతూ రాసింది: "తలుపు తెరవడానికి పట్టింది, ఇరవై రెండు నిమిషాలు."

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కుట్టే ఆడవాళ్ళు ఆ తలుపు వంకే చూశారు.

"గొళ్ళెం ఊడదీయించండి. అయ్యాకే వెళ్తాను."

మేనేజరు సుత్తి తెప్పించాడు.

నల్లకోట్లు గంటలకొద్దీ అరవడం దర్జీ ముప్పై ఏళ్ళుగా విన్నాడు, అందులో ఒక్క తలుపైనా తెరుచుకోవడం చూడలేదు. ఆ పిల్ల బేలు దిగుతుంటే కుర్తా చంక దగ్గర పర్రున చిరిగింది. ఆమె పట్టించుకోలేదు గానీ దర్జీ కన్ను ఊరుకుంటుందా!

ఆ సాయంత్రమే కోటు దించి కుట్లు విప్పాడు. లాయరు కోటు నిలబడి మాట్లాడేవాడిది. ఈ పిల్ల ఎక్కాలి, వంగాలి, చేతులెత్తాలి. చంకల కింద అదనంగా ముక్కలు వేశాడు. టార్చికీ టేపుకీ లోతు జేబులు పెట్టాడు.

మర్నాడు మేనకోడలు ఆ కోటు వేసుకుని చేతులు పైకెత్తింది. "ఎక్కడా పట్టెయ్యట్లేదు మామయ్యా!"

"ఇన్నాళ్ళకి కోటుకి పని దొరికిందే," అన్నాడు, ముఖం తిప్పుకుని.

ఆమె కొత్త జేబులోంచి టేపు తీసి కొట్టు వెనక తలుపు వైపు నడిచింది. అక్కడ తలుపుకి అడ్డంగా నడుమెత్తున గుడ్డ మూటలు.

"ఇదేంటి మామయ్యా?"

"ఒసే, సొంత మేనమామనే..."

ఆమె చేతి గడియారం చూసుకుంది.

దర్జీ గొణుక్కుంటూనే మొదటి మూట భుజానికెత్తుకున్నాడు.