చేపల తొట్టెకు చోటు

వాషింగ్ మెషిన్ బట్టలు పిండే చప్పుడు మొదలవగానే ఆమె మీటింగులో తన మైకు ఆపేసింది. చప్పుడు ఆగేసరికి ఆమె వంతు కాస్తా దాటిపోయింది. ఆమె మాట్లాడలేదన్న సంగతి అవతల ఎవరూ గమనించలేదు.

అంతలో భర్త ఫోను.

"చేపల తొట్టె ఇవాళే వస్తోంది. కుళాయీ, ప్లగ్గూ నీ దగ్గరే ఉన్నాయిగా, నీ బల్ల కాస్త జరుపుకో."

"ఎక్కడికి?"

"వంటింటి గట్టు ఉందిగా! బొమ్మలు అటూ ఇటూ జరిపే పనేగా నీది, ఎక్కడ కూర్చుంటే ఏం?"

నిజమే, ఆమెది బొమ్మలు జరిపే పనే. తెర మీద పెట్టెలూ గీతలూ గీసుకునే సాఫ్ట్‌వేర్‌ను చక్కదిద్దడం. వారం నుంచి దాన్ని వాడేవాళ్లది ఒకటే ఫిర్యాదు: 'మేం పెట్టిన పెట్టె పెట్టిన చోట ఉండటం లేదు. కొత్తది కలపగానే పాతది ఏ మూలకో పోతోంది.' ఆమె బల్ల కథా అంతే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ముందుగదిలో కిటికీ పక్కన ఉండేది. ఆయనగారు ఒళ్లు తగ్గించుకుంటానని తొక్కుడు సైకిలు కొన్నాడు, బల్ల భోజనాల దగ్గరికి పోయింది. ఒళ్లు తగ్గలేదు గానీ సైకిలు బట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చింది. అత్తగారి టీవీ అక్కడికొచ్చాక బల్ల వాషింగ్ మెషిన్ ఉన్న ఈ నడవాలోకి చేరింది. ఏనాడూ ఎవరూ గొంతు పెంచి చెప్పలేదు, "కాస్త జరుపుకో" అన్నారంతే. ఆమె ఎక్కడ కూర్చుంటోందో ఇంట్లో ఎవరికీ పట్టదు. పిలిస్తే పలికితే చాలు. ఇంతమంది మధ్య ఇంత ఒంటరిగా ఉండొచ్చని పెళ్లికి ముందు ఆమెకు తెలియదు.

ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది. ఒక పెట్టెను లాగి మధ్యలో పెట్టి, సేవ్ చేసి, మూసి తెరిచింది. పెట్టె అక్కడే ఉంది. పక్కన కొత్తది కలిపింది. పాతది గభాలున మూలకు జరిగింది. కోడ్‌లో ఒక్కో వరుసా చూసుకుంటూ పోతే చివరికి దొరికింది. పెట్టె ఎక్కడుందో సేవ్ అవుతోంది గానీ, దాన్ని కదపకూడదన్న గుర్తు సేవ్ కావడం లేదు. కొత్తదానికి చోటు కావాల్సి వచ్చినప్పుడల్లా ప్రోగ్రాం ఆ గుర్తు లేనిదాన్ని పక్కకు నెట్టేస్తోంది. ఆమె ఆ గుర్తు కూడా సేవ్ అయ్యేలా రాసి, మళ్లీ కొత్త పెట్టె కలిపింది. ఈసారి పాతది చెక్కుచెదరలేదు. కొత్తదే పక్కన ఖాళీ వెతుక్కుంది. ఎందుకో ఆమెకు ఏడుపొచ్చింది.

గంట మోగింది. గాజు తొట్టె మోసుకుని ఇద్దరు మనుషులు గుమ్మంలో నిలబడ్డారు.

"ఎక్కడ పెట్టమంటారమ్మా?"

"కాస్త ఆగండి. ముందు ఆ సైకిలు తీసి బాల్కనీలో పెట్టండి. తర్వాత నా బల్ల కిటికీ దగ్గరికి చేర్చండి. చేపల సంగతి ఆ తర్వాత చూద్దాం."

అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. "వాడొచ్చి ఏమంటాడో ఏమో! అయినా ఎన్నాళ్లుంటుందమ్మా అక్కడ? రేపు ఇంకోటొస్తే మళ్లీ తీయాల్సిందేగా."

ఆమె కుర్చీ తనే మోసుకొచ్చి కిటికీ పక్కన వేసుకుంది. అందులో కూర్చుంది.

"తీయను అత్తయ్యా. ఇకమీదట వచ్చేవాటికి చోటు మీ అబ్బాయినే వెతకమనండి."