నా గుండె సంగతి

"గుండెకాయ పక్కకు తీసినవా? అది వాడికెయ్యాలె, మర్చిపోకు" అంది అత్తమ్మ.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా కూర్చుని మేక మాంసం కడుగుతున్నాను. మా ఇంట్లో గుండెకాయ ముక్క ఎప్పుడూ మా ఆయన శాంతికుమార్ కంచంలోకే పోతుంది. మగవాడికి గుండె బలం కావాలట. బస్సు డిపోలో ఫ్యాను కింద కూర్చుని చేసే గుమాస్తా ఉద్యోగానికి అంత గుండె బలం ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. వీధి నల్లా నుంచి మేడ మీదికి నీళ్లు మోసేది నేను. పోయినేడు గోదావరి మా వీధిలోకి వచ్చి పోయినప్పటినుంచీ ఆ పని నన్ను చంపుతోంది. సగం మెట్ల మీద బిందె దింపి, గోడకు ఆనుకుని, ఊపిరి తిరిగొచ్చేదాకా నిలబడాల్సి వస్తోంది. "పడుచుదానివి, గీ మాత్రానికే ఆయాసమా" అని పైనుంచి అత్తమ్మ అనేది. ఈ మధ్య ఆ మాట అనడం మానేసింది. బిందె మాత్రం అందుకోదు.

"ఆయనది ఆయనకే ఉంచిన అత్తమ్మా. ఇంకోటి వేరేగ కొన్న. రేపు బడికి తీస్కపోయి టెన్త్ పిల్లలకు కోసి చూపిస్త" అన్నాను.

నేను దుమ్ముగూడెం దారిలో ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో సైన్స్ టీచర్ని. ఇలాంటి మాటకు అత్తమ్మ మామూలుగా నవ్వి ఎగతాళి చేస్తుంది. ఆ రోజు నవ్వలేదు. "గుండె పాఠం నువ్వే చెప్పాల్నా? ఇంకెవరన్న చెప్పరా?" అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

అసలు నా అనుమానం క్రిస్మస్ తర్వాత మొదలైంది. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఖమ్మంలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. స్కానింగ్ అయ్యాక ఆయన నా మొహం చూడకుండా "మీవారిని పంపండమ్మా" అన్నాడు. మా పాప నా ఒళ్లో నిద్రపోయింది, నేను బయట కూర్చున్నాను. తిరుగు బస్సులో మా ఆయన చెప్పాడు. "ఏం లేదు హెప్సీ, గ్యాసు. కొంచెం నీరసం. మూడు వారాలకొక సూది వేయించుకుంటే సరి."

"గ్యాసుకు సూదేందండి?"

"నువ్వు డాక్టర్వా?"

కాదు. కానీ జీర్ణవ్యవస్థ పాఠం చెప్పేది కూడా నేనే. గ్యాసుకు తుంటి మీద సూది పొడవాలని ఏ పేజీలోనూ లేదు. రిపోర్టులేవని అడిగితే ఆఫీసులో ఉన్నాయన్నాడు. ఇంట్లో బీరువా పెట్టుకుని ఆఫీసులో ఎందుకని అడిగితే, అన్నిటికీ అనుమానమేనా అని నన్నే కసిరాడు. ఆ తర్వాత ఆపిల్ పండ్లు తేవడం మొదలుపెట్టాడు. పాప పుట్టినప్పుడు తప్ప ఎన్నడూ పండు తేని మనిషి. పండ్ల వెనకే ఇంకో మాట. "పాపకు తమ్ముడుంటే బాగుంటది." బీరువాలో చీరల కింద దాచుకున్న మాత్రలు, పిల్లలు పుట్టకుండా వేసుకునేవి, రెండుసార్లు మాయమయ్యాయి. "ఎలుకలు ఎత్తుకపోయుంటయి" అంది అత్తమ్మ. మా ఇంటి ఎలుకలకు కుటుంబ నియంత్రణ మీద అంత పట్టింపు ఉందని నాకు తెలియదు. మూడోసారి కొన్నవి బడిలో చాక్‌పీసుల డబ్బాలో పెట్టుకున్నాను.

చర్చిలోనూ అంతే. నేను దగ్గరికి పోగానే ఆడవాళ్ల మాటలు ఆగిపోతాయి. మా ప్రార్థన కూటానికి పెద్ద సంపూర్ణక్క. ఆమె నా చెయ్యి పట్టుకుని "ధైర్యంగుండు చెల్లె, దేవుడున్నడు" అంటుంది. గ్యాసుకు ధైర్యం దేనికి? మా ఆయనకు ఇంకెవరైనా ఉన్నారేమో, ఊరందరికీ తెలిసి నాకే తెలియదేమో అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఉతికే ముందు ఆయన చొక్కాలు వాసన చూశాను. డిపో డీజిల్ వాసన తప్ప ఏమీ లేదు. అయినా నా మనసు కుదుటపడలేదు.

సోమవారం బల్ల మీద పాత పేపరు పరిచి గుండెను నిలువునా కోశాను. ముందు ముక్కులు మూసుకున్న పిల్లలు తర్వాత ఒకరి మీద ఒకరు పడి చూశారు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఒళ్లంతా తిరిగిన రక్తం కుడివైపుకు వచ్చి, ఊపిరితిత్తులకు పోయి, శుభ్రపడి ఎడమవైపుకు చేరుతుంది. అక్కడినుంచి బృహద్ధమనిలోకి, మళ్లీ ఒళ్లంతటికీ. గదికీ గదికీ మధ్య ఒకే దిక్కుకు తెరుచుకునే తలుపులుంటాయి, వాటినే కవాటాలంటారు అని చెప్పి, ఎడమవైపున్న అగ్రద్వయ కవాటాన్ని వేలితో తెరిచి చూపించాను. తెల్లగా, పల్చగా, అడుగున దారాలు కట్టినట్టు ఉంది.

"లోపల గంత రక్తముంటది గద టీచర్, గుండె అదే తాగుతదా?" అని ఒక పిల్ల అడిగింది. లేదన్నాను. గదుల నిండా రక్తమున్నా దాని కండకు అందులోంచి అందదు. బయటికి పంపిన దాంట్లోంచే, బృహద్ధమని మొదట్లో చీలిన రెండు సన్నటి ధమనుల ద్వారా తన వాటా తీసుకుంటుంది. అదీ బిగుసుకుని కొట్టేటప్పుడు సరిగా అందదు, రెండు దెబ్బల మధ్య సడలినప్పుడే ఎక్కువగా అందుతుంది. ఇది చెబుతుంటే నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది. పరీక్షలో రాదు కాబట్టి ఆ సంగతి చెప్పలేదు.

బాలి అనే పిల్ల కవాటాన్ని వేలితో పొడిచి చూసి, "ఈ తలుపు మంచిగ తెరుచుకోకుంటే ఏమైతది టీచర్?" అంది.

"రక్తం ముందుకు పోక వెనక నిలుస్తది. ఊపిరితిత్తులు బరువెక్కుతయి. మెట్లెక్కితే ఆయాసం. పండుకుంటే దగ్గు, లేచి కూసుంటే నిమ్మళం. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, కీళ్లు వాచి, సరైన మందు పడకపోతే ఈ తలుపు అంచులు అతుక్కపోతయి. అసొంటోళ్లకు మూడు వారాలకొక సూది..."

అక్కడ ఆగిపోయాను. హెల్త్ ట్రైనింగ్‌లో విన్న మాటలు పిల్లలకు అప్పజెబుతున్నాననుకుంటే, నా గురించే చెప్పుకుంటున్నాను. అశ్వారావుపేట హాస్టల్లో చదివేటప్పుడు మోకాళ్లు వాచి నెలంతా మంచం దిగలేదు నేను. పిల్లలు నా మొహం చూస్తున్నారు. చేతులు కడుక్కొస్తానని బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం సూటిగా అడిగాను. "నాది గుండె జబ్బా?"

"పాఠం చెప్పొచ్చి రోగం తెచ్చుకున్నవా?" అని మా ఆయన టీవీ చూస్తూనే నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆరిపోయింది. వెంటనే అత్తమ్మ కల్పించుకుని, శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టించానని చెప్పింది. దేనికోసమంటే "ఇంటి క్షేమం కోసం" అంది.

మా కూటంలో ఒక పద్ధతుంది. అందరూ చాప మీద గుండ్రంగా కూర్చుని వంతులవారీగా ప్రార్థిస్తారు. ఒకరు ప్రార్థిస్తుంటే ఇంకొకరు అడ్డం మాట్లాడకూడదు. ఏం జరిగినా ఆమెన్ దాకా ఆగాల్సిందే. శుక్రవారం ఒక్కొక్కరి వంతూ అవుతూ సంపూర్ణక్క దాకా వచ్చింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని చేతులు పైకెత్తింది.

"దయగల తండ్రీ, ఈ ఇంటి కోడలు హెప్సిబాను నీ చేతికి అప్పగిస్తున్నం. బిడ్డ గుండెల తలుపు సన్నబడ్డదని డాక్టర్ చెప్పిండు ప్రభువా. హైదరాబాద్ల బెలూన్ పెట్టి తెరిపియ్యాలె, అందాక కడుపు రావొద్దు, వస్తే తల్లి పానం దక్కదన్నడు..."

అత్తమ్మ గట్టిగా దగ్గింది. సంపూర్ణక్కకు వినబడలేదు.

"మనుషుల మాట మాకొద్దు తండ్రీ. ఏ ఆపరేషన్ లేకుండ నువ్వే ముట్టి బాగు చెయ్యి. ఏడాది తిరిగేసరికి ఈ ఇంటికి మగబిడ్డనియ్యి."

ఆమె చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి. పాపం, నాకు తెలుసనే అనుకుంది. కళ్లు తెరిచి చూశాను. గుమ్మం దగ్గర మా ఆయన తల వంచుకుని గోడ గీకుతున్నాడు. అత్తమ్మ నన్ను చూసి గబుక్కున కళ్లు మూసుకుంది. నాకు ముందు భయం వేయలేదు, కోపం వచ్చింది. నేను చచ్చిపోవచ్చన్న సంగతి ఈ చాప మీదున్న అందరికీ తెలుసు, నాకు తప్ప. తెలిస్తే బిందె దింపేస్తానని భయం. తెలిస్తే మంచం వేరు చేస్తానని భయం. అందుకని నా ప్రాణం దేవుడి మీద వేసి, వాళ్లు నిశ్చింతగా మనవడి కోసం ఎదురుచూస్తున్నారు.

సంపూర్ణక్క ఆమెన్ అన్నాక అత్తమ్మ లేవబోయింది. "పొద్దుపోయింది, ఇగ ముగిద్దాం."

"కోడలి వంతున్నది గదమ్మా" అంది సంపూర్ణక్క.

నేను కళ్లు మూసుకున్నాను.

"తండ్రీ, నా జబ్బు సంగతి నాకు ఈ రోజు వినిపించినవు, నీకు స్తోత్రం. గ్యాసని చెప్పిన మా ఆయనను క్షమించు, నాకైతే ఇంకా క్షమించ బుద్ధి పుడ్తలేదు. సోమవారం నేను హైదరాబాద్ బస్సెక్కుతున్న, సంపూర్ణక్కను నాకు తోడు పంపు. ఆ తలుపు బాగయ్యేదాక నేను పాప దగ్గర్నే పండుకుంట, ఆయన ముందర గదిల పండుకుంటడు. రేపటి సంది నీళ్లు ఆయనే మోస్తడు, ఆయనకు బలమియ్యి. నేను పోయినా ఫరవాలేదనుకున్న మా అత్తమ్మకు, నేను బతికొచ్చినంక నా మొహం చూసే ధైర్యమియ్యి. ఆ తర్వాత ఇంకో బిడ్డను కనాల్నా వద్దా అన్నది నా ఇష్టం తండ్రీ, ఇది ఈ ఇంట్ల అందరూ ఒప్పుకునేటట్టు చెయ్యమని యేసు నామమున అడుగుచున్నాను."

ఏళ్ల తరబడి అలవాటు. గదిలో అందరూ ఒక్క గొంతుతో "ఆమెన్" అన్నారు. అత్తమ్మ కూడా గట్టిగా అనేసి, అప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.