చేపను తిప్పిన రోజు

నీళ్ళు కాగేలోగా అచ్చమ్మ చింతపండు ముంతలో చెయ్యి పెట్టి అడుగంతా గీకింది. నిమ్మకాయంత ముద్ద దొరికింది. మూడు నెలల కిందట ఏలూరులో ఎక్కిన కలకత్తా రైలు తాడేపల్లిగూడెంలో ఆగినప్పుడు, చెల్లెలు ఎలిజబెత్ పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి ఒళ్ళోకి తోసిన ముంత అది. "చీనావాళ్ళ తిండి నీకు సయించదే అక్కా, దగ్గరుంచుకో" అంది. ఎలిజబెత్ పుట్టి బుద్ధెరిగాక అన్న తెలివైన మాట అదొక్కటేనని, ఈ దేశంలో అడుగుపెట్టింది మొదలు అచ్చమ్మ రోజుకొకసారైనా అనుకుంటూనే ఉంది.

కిటికీ అవతల చెరువు మంచులో కనిపించీ కనిపించకుండా ఉంది. చెరువు అనడం ఆమె అలవాటు గాని, అది ఈ గట్టున నిలబడితే ఆ గట్టు కంటికి ఆనని సరస్సు. ఊరి పేరు చిన్న మిస్సమ్మగారు పదిసార్లు పలికించినా అచ్చమ్మకు నోరు తిరగలేదు. పలకబోయినప్పుడల్లా వీధి పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, పేరుతో పనేముంది, రేపు వెళ్ళిపోయేదాన్నే కదా అని ఊరుకుంది. అక్కడినుంచి షాంఘై రేవుకు కాలవల మీద ఒక పగలూ ఒక రాత్రీ పడవ ప్రయాణం. శుక్రవారం సాయంత్రం కలకత్తా ఓడ. బుధవారం తెల్లవారుజామున పడవెక్కాలని నిశ్చయం. ఇవాళ మంగళవారం.

ఏలూరు మిషను బంగళా మిస్సమ్మగారికి అరవై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పై నాలుగు ఏలూరులోనే ఆడపిల్లల బడి నడుపుతూ గడిచిపోయాయి. కన్నుమూసేలోగా ఒక్కసారి చెల్లెల్ని చూడాలని ఇంత దూరం బయలుదేరింది. ఆ చెల్లెలే చిన్న మిస్సమ్మగారు, ఇక్కడ అలాంటి బడే నడుపుతోంది. వంటమనిషి లేనిదే కదలనంది గనక అచ్చమ్మ కూడా ఓడెక్కింది. ఏలూరు స్టేషనులో పాస్టరు రాజరత్నంగారు, "అమ్మగారిని జాగ్రత్తగా తీసుకురావాలి సుమా అచ్చమ్మా" అంటే, "ఎలా తీసికెళ్తున్నానో అలాగే తెచ్చి మీకు అప్పజెప్తానండీ" అని పదిమంది ముందూ మాట ఇచ్చేసింది.

మాటైతే ఇచ్చింది గాని, వచ్చిన నెలకే మిస్సమ్మగారి కాళ్ళకు నీరు దిగింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇక్కడే ఉండిపొమ్మని చెల్లెలు బతిమాలుతోంది. మళ్ళీ ఓడంటే చలికాలం నడిమధ్య. అప్పటిదాకా ఈ గుండె నిలవదని వైద్యుడు తేల్చేశాడు.

జావ గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి మిస్సమ్మగారు దిండ్లకు చేరగిలబడి కూచుని ఉంది.

"అచ్చమ్మా, నా దేహమును ఏలూరు మట్టిలోనే ఉంచవలెను" అంది.

ఆమెది మునిషీ దగ్గర పుస్తకం పట్టి నేర్చుకున్న తెలుగు. మామూలప్పుడు ఏలూరు మాటే మాట్లాడుతుంది. పట్టుదల వస్తే గ్రంథంలోకి దిగుతుంది.

"అలాగేనండీ. ముందు దేహంలోకి ఈ జావ పోనివ్వండి" అంది అచ్చమ్మ.

మిస్సమ్మగారు నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. అచ్చమ్మ వీపు నిమురుతూ నిలబడింది.

తిరిగి వెళ్ళాక బంగళా వెనకవీధి మరియమ్మ అడగబోయే ప్రశ్నలకు అచ్చమ్మ జవాబులు ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకుంది. ఇక్కడి మనుషులు జ్వరం లేకపోయినా వేణ్ణీళ్ళే తాగుతారు. వాటిలో ఆకు వేసి, పాలూ పంచదారా లేకుండా, టీ అని పేరు పెట్టి చుట్టాలకు కూడా ఇస్తారు. అన్నం రెండు పుల్లలతో తింటారు, అయినా మెతుకు కింద పడదు. చేత్తో తినే తనను చూసి, పాపం పుల్లలు కొనుక్కునే గతి లేదనుకుందో ఏమో, పక్కింటావిడ ఒక జత తెచ్చి చేతిలో పెట్టి వెళ్ళింది. ఒక ముసలావిడైతే బజార్లో ఆపి, వేలు తడి చేసుకుని అచ్చమ్మ ముంజేతిని రుద్ది, రంగు వదులుతుందేమో చూసింది. "రుద్దండి మామ్మగారూ, మా అమ్మ సున్నిపిండి పెట్టి మరీ రుద్దింది, దానికే వదల్లేదు" అంది అచ్చమ్మ తెలుగులో. ఇద్దరూ నవ్వుకున్నారు. మెడకు దారం కట్టిన నీటికాకులు చేపలు పట్టి, మింగలేక పడవలో కక్కడం చూసి మొదటిరోజు ఆమెకు నవ్వాగలేదు. తరవాత తీరిగ్గా ఆలోచిస్తే వంటమనిషి బతుకూ అలాంటిదే అనిపించి, నవ్వడం మానేసింది.

అన్నిటికన్నా ఆమెకు ఉక్రోషం తెప్పించింది ఆ చెరువే. నెల్నాళ్ళు సముద్రం మీద వాంతులు చేసుకుంటూ వస్తే, తీరా ఎదురైంది ఏమిటి? అదే కిక్కిస గడ్డి, అవే తామరాకులు, అవే బాతులు. పుట్టి పెరిగిన కొల్లేరు కోసం ఓడెక్కడం ఎందుకని ఆమె గొడవ. అయినా పొద్దున్నే లేచి ముందు చూసేది ఆ చెరువునే.

కొల్లేరు లంకలో ఒక అలవాటుంది. రోగిని పడవెక్కించాలంటే ముందురోజు పడవవాడికి కడుపునిండా పెడతారు. తిన్నవాడు గడ మెత్తగా వేస్తాడని నమ్మకం. అందుకే అచ్చమ్మ ఆ చింతపండు ముద్దను ఇన్నాళ్ళూ ముట్టకుండా దాచింది. మూర పొడుగు చేప కొని, పసుపూ ఉప్పూ కారం దట్టించి, చింతపండు గుజ్జు రాసి, ముక్కలు చేయకుండా నిండు చేపగానే వేయించింది. మధ్యాహ్నం పళ్ళెం మీద ఆకు కప్పి రేవుకు తీసుకెళ్ళింది.

పడవవాడు అరవై ఏళ్ళ ఎముకల పోగు. పెళ్ళాం అంతకన్నా సన్నం. వాళ్ళ కాపురమంతా ఆ చాప గూడు పడవలోనే. ఇద్దరూ గట్టు మీద కూచుని తిన్నారు. కారానికి కళ్ళంట నీళ్ళు, ముక్కంట నీళ్ళు కారుతున్నా పుల్లలు ఆపలేదు. అచ్చమ్మకు గర్వంగా ఉంది. ఒకవైపు ముల్లు తేలేదాకా తిని ఇద్దరూ ముల్లు సందుల్లోంచి అవతలి మాంసం కొంచెం కొంచెంగా లాగుతున్నారు. మొగమాటపడుతున్నారనుకుంది.

"అయ్యో, రెండోవైపు అలాగే ఉందండీ, తినండి" అంటూ చేపను ఒడుపుగా చేత్తో పట్టుకుని బోర్లా తిప్పేసింది.

పడవవాడి పుల్లలు కింద పడ్డాయి. పెళ్ళాం కెవ్వున అరిచి మొగం కప్పుకుంది. అతను లేచి, పళ్ళెం వైపు కూడా చూడకుండా, అచ్చమ్మ వైపు చెయ్యి ఆడిస్తూ ఏదో గట్టిగా చెప్పి, పడవను గుంజకు ఇంకో ముడి వేసేశాడు.

విషయం ఇంటికి చేరడానికి మూడు భాషలు దాటాల్సివచ్చింది. అతను చీనాలో చిన్న మిస్సమ్మగారికి చెప్పాడు, ఆవిడ ఇంగ్లీషులో అక్కకు చెప్పింది, అక్క తెలుగులో అచ్చమ్మకు చెప్పింది. పడవల మీద బతికేవాళ్ళు పళ్ళెంలో చేపను తిప్పరు. చేప తిరగబడితే పడవ తిరగబడుతుంది. అందులోనూ ప్రయాణానికి ముందురోజు, ఎక్కబోయే మనిషే తిప్పింది. రేపు ఆ పడవ కదలదు. ఈ సంగతి విన్న ఏ పడవా కదలదు.

"పోనీ, దేవుడే ఇలా చేశాడేమో" అంది చిన్న మిస్సమ్మగారు ఇంగ్లీషులో. ఆ ముక్క మాత్రం అక్క తెలుగులో చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి పడుకుంది. చిన్న మిస్సమ్మగారు పాఠానికి వేళయిందని బడికి వెళ్ళిపోయింది.

అచ్చమ్మ వంటింట్లో పీట మీద కూలబడింది. ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఇంకొకరైతే అదంతా మూఢనమ్మకమని కొట్టిపారేసి పడవవాణ్ణి తిట్టిపోసేవారు. ఆమెకు నోరు రాలేదు. ఆమె తండ్రి జ్ఞానయ్య లంకలో అందరికన్నా ముందు బాప్తిస్మం తీసుకున్నవాడు. అయినా పొద్దున్నే నావ ముక్కు మీద మూడు దోసిళ్ళ నీళ్ళు పొయ్యందే గడ ముట్టేవాడు కాదు. పాదిరిగారు మందలిస్తే, "దేవుడు మోక్షం చూసుకుంటాడండీ, మునిగేది నేను కదండీ" అనేవాడు. అచ్చమ్మ కూడా పన్నెండేళ్ళు నిండేసరికి తండ్రితో సమానంగా గడ వేసేది. పెళ్ళయ్యాక ఏలూరు వచ్చింది. నాలుగో ఏట వాంతిభేది వచ్చి ఒకే వారంలో మొగుడూ, ఏడాది పిల్లా పోయారు. ఎవరో తీసుకొచ్చి బంగళా వంటింటి గుమ్మంలో కూచోబెట్టారు. మిస్సమ్మగారు వచ్చి ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. కత్తిపీటా, ఉల్లిపాయల బుట్టా ముందు పెట్టి, "వీటిని తరుగుము. ఎందుకు ఏడ్చుచున్నావని నిన్ను ఇక్కడ ఎవరూ అడుగరు" అంది. అది జరిగి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ వంటింట్లోంచి అచ్చమ్మ మళ్ళీ కదిలింది ఈ చీనా ప్రయాణానికే.

ఆమె లేచింది. కొంగు బిగించి నడుముకు దోపుకుంది. మిస్సమ్మగారి గది గుమ్మంలోంచే, "పడవ మాట్లాడి వస్తానండీ" అని కేకేసింది.

"ఏ భాషలో మాట్లాడతావు?" అని లోపల్నుంచి వినిపించింది.

"నాకొచ్చిన భాషలోనేనండీ."

పడవవాడు గట్టు మీద గొంతుక్కూచుని చుట్ట కాలుస్తున్నాడు. లంకలో నావ ఎక్కేముందు విడిచినట్టే, అచ్చమ్మ చెప్పులు రేవు అట్టడుగు మెట్టు మీద విడిచింది. పడవ ముక్కు మీద మూడు దోసిళ్ళ నీళ్ళు పోసి, ఆ తడిని కళ్ళకద్దుకుంది. అతను చుట్ట నోట్లోంచి తీశాడు. ఆమె ముడి విప్పేసి, పడవెక్కి, గూటి పక్కనున్న వెదురు గడ అందుకునేసరికి కేకలేస్తూ లేచాడు. అప్పటికే గడ నేలకు తగిలింది, పడవ గట్టును విడిచింది.

"తిప్పినదాన్ని నేను కదయ్యా! తిరగబడితే నాతోనే తిరగబడుతుంది, చూస్తూ ఉండు!" అని అరిచింది.

నీళ్ళు మొలబంటి. అడుగున కొల్లేట్లో ఉన్నలాంటి బురదే. తన నావకు రెండింతలున్న పడవ అది, తనకు యాభై దాటాయి. మొదటి పది పోట్లకు భుజాలు ఊడిపోతాయనిపించింది. పదకొండో పోటుకు ఒళ్ళే దారి పట్టుకుంది. గడ దింపడం, దానిమీద వాలడం, పడవ తన కిందనుంచి జరిగిపోతుంటే నడవడం, బురదలోంచి చిన్న మెలికతో గడ పీకడం, ఇవేవీ మరిచిపోలేదు. పల్లె మొత్తం గట్టు మీదికి వచ్చింది. కావాలని పడవను గాలికి అడ్డంగా తిప్పి, ఒక అంచు మీద నిలబడి ఊపింది. ఆడవాళ్ళు అరిచారు. పడవ ఊగింది, నిలబడింది.

రేవు ఎదురుగా వచ్చినప్పుడు చూస్తే, మెట్ల మీద తెల్లని తల. మిస్సమ్మగారు! గోడ పట్టుకునో, ఎవరి భుజం పట్టుకునో అంత దూరం నడిచి వచ్చింది.

"మిమ్మల్ని నడవొద్దన్నారు కదండీ!" అని అచ్చమ్మ నీళ్ళ మీదనుంచి కేకేసింది.

మిస్సమ్మగారు చెయ్యెత్తి ఊపింది. నవ్వుతోందని అంత దూరానికీ తెలిసింది. "ఇంకొక చుట్టు వేయుము!" అంది.

ఇంకొక చుట్టు వేసింది. ఆమెకు ఎన్నడూ లేనంత సంతోషంగా ఉంది. రేపు ఈ పడవ, ఎల్లుండి షాంఘై, ఆ పైన ఓడ, ఆ పైన ఏలూరు స్టేషను. రెండోసారి రేవు ముందునుంచి వెళ్తూ చూస్తే, మిస్సమ్మగారు గుంజకు తల ఆనించి ఉంది. ఎండ హాయిగా ఉండి కునుకు పట్టిందనుకుంది.

పడవ గట్టుకు ఆనగానే పడవవాడు ముందుకొచ్చి ముక్కు పట్టుకున్నాడు. అచ్చమ్మ చేతుల్లో పొక్కుల్ని తిప్పి చూశాడు. గడ అందుకుని దాని చోట పెట్టాడు. పెళ్ళాం గూటిలోకి దూరి, రోగి పడుకునే చోట మెత్తటి గడ్డి పరిచి పైన చాప వెయ్యడం మొదలుపెట్టింది. ఇక ఎవరూ దేన్నీ ఏ భాషలోకీ మార్చి చెప్పనక్కరలేకపోయింది.

"ఒప్పుకున్నాడండీ!" అంటూ అచ్చమ్మ మెట్టు మీదికి దూకింది.

మిస్సమ్మగారు పలకలేదు. మెడ మీద చెయ్యి వేసి చూస్తే వెచ్చగానే ఉంది గాని, ఆ గుండె ఆగిపోయి కొంతసేపైంది. అచ్చమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూచుంది. చిన్న మిస్సమ్మగారు బడినుంచి పరుగెత్తుకు వచ్చేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

బుధవారం మధ్యాహ్నం ఊరి చివర బడి తోటలో మిస్సమ్మగారిని మట్టిలో పెట్టారు. ఆ సాయంత్రం చిన్న మిస్సమ్మగారు అచ్చమ్మ చేతులు పట్టుకుని, నువ్వు నాతోనే ఉండిపో అన్నట్టు సైగలు చేసింది. ఆవిడకు తెలుగు రాదు. ఆ దేశం మొత్తంలో అచ్చమ్మ మాట తెలిసిన మనిషి ఇక ఒక్కరూ లేరు. అయినా ఆమె తెలుగులోనే చెప్పింది.

"ఉండలేనండీ. పదిమందిలో మాట ఇచ్చి వచ్చానండీ. తీసుకురాలేకపోయానని కూడా నేనే వెళ్ళి చెప్పాలండీ. ఉత్తరంలో చెప్పే మాట కాదండీ అది."

చిన్న మిస్సమ్మగారు కళ్ళు తుడుచుకుని తలూపింది.

గురువారం తెల్లవారుజామున పడవ సిద్ధంగా ఉంది. పరిచిన గడ్డిని వాళ్ళు తియ్యలేదు. అచ్చమ్మ మెట్లు దిగి, మొన్న విడిచిన చెప్పులు చేతిలోకి తీసుకుని, వట్టి కాళ్ళతో పడవెక్కింది. మెట్టు మీద మిగిలిన జతను తియ్యబోయి చిన్న మిస్సమ్మగారు వంగితే, వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. పడవవాడు గడ మెత్తగా దింపాడు.

అట్టడుగు మెట్టు మీద, అచ్చమ్మ చెప్పులుండిన చోటు పక్కనే, వంగలేని మనిషి తనంత తానే వంగి తాళ్ళు విప్పుకుని విడిచిన నల్ల బూట్లు రెండూ పడవకేసి తిరిగి ఉన్నాయి.