పప్పుల పాలు

ఫిబ్రవరి పదకొండు. ఆ మధ్యాహ్నం అతుకుల మాస్టారు తిన్నది వేయించిన వేరుశనగపప్పులు. తేదీ, తిండీ రెండూ ఆయనకు గుర్తుండిపోవడానికి కారణం ఒక్క అక్షరం.

మ్యూజియంలో పగిలిన పాత్రలు అతికించడం ఆయన పని. అందుకే ఆ పేరు. ఫోన్ మోగేసరికి నోటినిండా పప్పులున్నాయి. అవతల ప్రయోగశాల అమ్మాయి.

"మాస్టారూ, పసిబిడ్డ సమాధిలో దొరికిన ఉగ్గుగిన్నె చూడ్డానికి సాయంత్రం వస్తున్నా. లోపల కడగకండి."

పంటి కింద పప్పు పటుక్కుమంది. ఆయన చెవికి చేరింది "కడగండి" అని.

"అలాగే తల్లీ."

భార్య బతికున్న రోజుల్లో "మాట్లాడితే మాట్లాడండి, నమిలితే నమలండి!" అని కసిరేది. ఇప్పుడు కసిరే మనిషి లేదు.

నాలుగు వేల ఏళ్లనాటి గిన్నె అరచేతిలో ఇమిడిపోయింది. పక్కన పసినోటికి సరిపడే చిన్న కొమ్ము. అడుగున ఎండి అంటుకున్న పొరను నీళ్లు పోసి, మెత్తటి బ్రష్‌తో ఓపిగ్గా వదలగొట్టాడు. లోపల ముట్టుకోకూడదని తెలియనివాడేం కాదు. అమ్మాయే చెప్పింది కదా అని సరిపెట్టుకున్నాడు. అసలు శుభ్రమైన పాత్రంటే ఆయనకు మహా మురిపెం.

సాయంత్రం అమ్మాయి వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది.

"అయ్యో, ఏమీ లేదే! బిడ్డ పక్కన ఖాళీ గిన్నె పెట్టి పంపిందన్నమాట ఆ తల్లి. అలాగే రాస్తాను."

తాను వదలగొట్టిన పొర మాస్టారికి గుర్తొచ్చింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కడిగిన నీళ్లు ఎప్పుడో తూములోకి పోయాయి. కానీ ఏడుస్తూ పాలో జావో పోసి పెట్టిన ఆ తల్లి మీద ఈ నింద పడుతుంది. ఆవిడ వచ్చి కాదని చెప్పుకోలేదు.

"ఖాళీ కాదమ్మా. నేనే కడిగేశాను. కడగండి అన్నావనుకున్నా."

"కడగకండి అన్నాను మాస్టారూ!"

"పప్పులు తింటున్నా..."

"పాలు కాస్తా పప్పుల పాలు చేశారా!"

ఆ మాటకు ఇద్దరూ నవ్వలేదు. ఆయన తలెత్తలేకపోయాడు. గట్టిగా నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. కుర్చీ ఆయన వైపు జరిపింది.

"కాల్చిన మట్టి కూడా తాగుతుంది మాస్టారూ. అడుగున చిటికెడు తొలిస్తే, ఇంకింది ఏదైనా దొరకొచ్చు. కన్నం మాత్రం పడుతుంది. మీరే తొలవండి, నా చెయ్యి వణుకుతుంది."

అతకడమే తప్ప గాయం చేసి ఎరగని చెయ్యి అది. ముఖానికి చెమటలు పట్టినా, గిన్నె అడుగు తొలుస్తున్న చెయ్యి మాత్రం చెదరలేదు. పొడి చిన్న సీసాలోకి రాలింది.

"ఏమీ తేలకపోతే?"

"ఖాళీ అని మాత్రం రాయను. కడిగేశాం అని రాస్తాను."

"కడిగేశాం కాదు తల్లీ. కడిగేశాడు అని రాయి."

"అక్షరాల విషయంలో మీ మాట వినను" అని సీసా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మాస్టారు గిన్నెను, కన్నం కనబడేలా బోర్లించి, దూది పరిచిన పెట్టెలో పెట్టాడు. మిగిలిన పప్పులు జేబులోంచి తీసి చెత్తబుట్టలో వేశాడు. దీపం ఆర్పి, చప్పుడు కాకుండా గది తలుపు మూశాడు.