చప్పుడు లేని నీళ్లు

మంచాలు తేలిన వరద వచ్చి పోయిన మూడో ఏడు, ఎండలు ముదిరిన రోజుల్లో జరిగింది ఇది. ఆ వరదలోనే నా పంక్చర్ల కొట్టు పోయింది. తొట్టి, గాలి పంపు, రేకు డబ్బాల్లో సామాను అన్నీ నీళ్లపాలయ్యాయి. సంచిలో నాలుగు ట్యూబు ముక్కలు మిగిలితే వాటితోనే కూతురి ఇంటికి చేరాను. అప్పటినుంచి అక్కడే.

ఇంట్లో నలుగురం. కూతురు, అల్లుడు, నా వియ్యపురాలు, నేను. వియ్యపురాలు నాకు చెల్లెలి వరస. ఆవిడ మాట్లాడుతుంది, నేను వింటాను. ఉప్పు ధరతో మొదలుపెట్టి, చిన్నప్పుడు తప్పిపోయిన దూడ దాకా వెళ్లి, మళ్లీ ఉప్పు దగ్గరికి వచ్చి ఆగుతుంది. మధ్యమధ్య "ఏమంటారు అన్నయ్యగారూ" అంటుంది. నేను "ఊఁ" అంటాను. ఆవిడకి ఆ ఊఁ చాలు. నాకు మాత్రం ఒక్క పూటయినా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే బాగుండునని ఉండేది.

ముందు గదిలో ఇనుప స్టాండు మీద ఆరడుగుల చేపల తొట్టి ఉంది. పదకొండు బంగారు చేపలు. అన్నీ ఆవిడ పెంచినవే. అన్నిటికంటే పెద్దది అరచేతికి మించి ఉంటుంది. దాని పేరు పెద్దబ్బాయి. అల్లుడు ఆవిడకి ఒక్కడే కొడుకు. అయినా ఆ ఇంట్లో అతను చిన్నబ్బాయే. తనకంటే ముందు చేపకే తిండి పెడుతోందని అతను తల్లిని ఆటపట్టించేవాడు. వాడు నీలా కంచంలో వదిలెయ్యడు అని ఆవిడ తిప్పికొట్టేది.

తొట్టిలో ఒక మూల మోటారు ఉంది. నీళ్లు లాగి, స్పాంజిలో వడకట్టి, గొట్టంలోంచి మళ్లీ తొట్టిలోకే పోస్తుంది. గొట్టం చివర నీటికి నాలుగు వేళ్ల పైన ఉండేది. రోజంతా జలజలమని ఒకటే చప్పుడు.

మధ్యాహ్నాలు ఆవిడ తొట్టి పక్కన కుర్చీ వేసుకుని వాళ్ల చెల్లెలితో ఫోనులో మాట్లాడుతుంది. ఒకరోజు ఫోను పెట్టేసి తెగ విసుక్కుంది. ఈ చప్పుడు విని, అక్క గిన్నెలు తోముతూ మాట్లాడుతోందని ఆ చెల్లెలు అనుకుందట. మరి నీ కోడలేం చేస్తోందని నిలదీసిందట.

నాకెవరూ పని చెప్పలేదు. చెయ్యి ఊరుకోలేదు. సంచిలోంచి సైకిలు ట్యూబు ముక్క తీసి గొట్టం చివరికి తొడిగాను. తీగ చుట్టి బిగించి, రెండో కొస నీళ్లలోకి దించాను. చప్పుడు ఆగిపోయింది. పట్టుమని పది నిమిషాల పని. అన్నయ్యగారి చెయ్యి పడితే తిరుగేముందని ఆవిడ మురిసిపోయింది. భోజనాల దగ్గర కూతురు అడక్కుండానే మారు వడ్డించింది. వరద తర్వాత నేను చేసిన మొదటి రిపేరు అది. ఎవరూ చూడకుండా రెండు మూడుసార్లు వెళ్లి చూసుకున్నాను.

మూడో రోజు పొద్దున చేపలన్నీ పైకి తేలాయి. నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. ఆవిడ ముందు సంబరపడింది. ఇన్నాళ్లు తను చెప్పిందంతా విని పెద్దబ్బాయికి మాటలు వచ్చాయంది. సాయంత్రానికి ఒక చిన్న చేప పక్కకి ఒరగడం మొదలుపెట్టింది. అప్పుడు ఆవిడ గొంతు మారింది.

అల్లుడు చేపల దుకాణానికి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను. తొట్టిలో ఏమైనా మార్చారా అని దుకాణదారు అడిగాడు. ఏమీ మార్చలేదని అల్లుడు చెప్పాడు. నేనూ నోరు విప్పలేదు. బాగు చేయడం కూడా మార్చడమేనని నాకు తట్టలేదు. అయితే తిండి ఎక్కువై ఉంటుంది, తిండి ఆపి కొన్ని నీళ్లు మార్చండి అన్నాడు దుకాణదారు.

బకెట్లతో మోసి నీళ్లు మార్చాం. ఆ పూటకి చేపలు కిందికి దిగాయి. ఒరిగిన చేప కూడా తేరుకుంది. తెల్లారేసరికి మళ్లీ అన్నీ పైకే. అల్లుడికి కోపం వచ్చింది.

"నీ ప్రేమతోనే వాటిని చంపేస్తావమ్మా. మేం చూడనప్పుడు ఇంకెంత వేస్తున్నావో."

ఆవిడ తిండి డబ్బా తెచ్చి నా కూతురి చేతిలో పెట్టింది. లోపలి గదిలోకి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆవిడ తియ్యలేదు.

మూడేళ్లుగా నేను కోరుకున్న నిశ్శబ్దం వచ్చింది. గంటసేపు కూడా ఓర్చుకోలేకపోయాను.

లేచి తొట్టి మూత తీశాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నా మొహం, పైనున్న ఫ్యాను చక్కగా కనిపిస్తున్నాయి. నీటి మీద సన్నటి జిడ్డు పొర, దాని మీద దుమ్ము. కొట్లో నా తొట్టి నీళ్లు ఇలాగే నిలకడగా ఉండాలి. ట్యూబు ముంచితే బుడగ ఎక్కడినుంచి వస్తోందో తెలియాలి కదా. నలభై ఏళ్లు నీళ్లు కదలకుండా చూసుకున్నాను. అయితే ఆ తొట్టిలో ఏదీ బతకనక్కరలేదు.

నిన్న బకెట్టుతో పోసేటప్పుడు చేపలు ఆ ధార కిందికే చేరిన సంగతి గుర్తొచ్చింది. చెంబు తెచ్చి, ఆ తొట్టి నీళ్లే ముంచి, ఎత్తునుంచి మళ్లీ అందులోనే పోశాను. భుజం పీకేదాకా ముంచాను, పోశాను. జిడ్డు పొర చెదిరింది. చేపలు ఒక్కొక్కటే ఆ మూలకి వచ్చాయి. కాసేపటికి పెద్దబ్బాయి అడుగుకి దిగి తోక ఆడించాడు. కొత్త నీళ్లు ఒక్క చుక్క కూడా కలపలేదు నేను. నీటికి గాలి పైనుంచే అందుతుంది. పైన కదులుతూ ఉంటేనే అందుతుంది. ఆ కదలిక ఆపింది నా చెయ్యే.

ట్యూబు ముక్క ఊడదీసి జేబులో వేసుకున్నాను. జలజల మళ్లీ మొదలైంది. ఊరుకుంటే గడిచిపోయేది. నన్నెవరూ అడగరు. తిండి ఆపినందుకే బాగయ్యాయని అల్లుడు అనుకుంటాడు. ఆవిడ ఆ నింద మోస్తూనే ఉంటుంది. సాయంత్రం దాకా తేలు కుట్టిన దొంగలా వరండాలో కూర్చున్నాను.

టీ వేళకి నా కూతురు బతిమాలితే ఆవిడ లేచి వచ్చింది. అల్లుడు తొట్టి చూసి, తిండి ఆపిన గుణం కనిపిస్తోందన్నాడు. నేను జేబులోంచి ట్యూబు ముక్క తీసి కప్పుల మధ్య పెట్టాను.

"తిండి వల్ల కాదు బాబూ. దీనివల్ల."

ముగ్గురూ ఆ ముక్క వైపు, నా వైపు చూశారు. నేనే మాట్లాడాల్సి వచ్చింది.

"చప్పుడు పోవాలని గొట్టం నీళ్లలో ముంచాను. నీళ్లు పైన కదలడం మానేశాయి. వాటికి గాలి అందలేదు. నువ్వు ఫోనులో మాట్లాడేటప్పుడు పక్కనే ఉండి కూడా చెప్పలేదు. మీ అమ్మ చేసిందేమీ లేదు. తప్పు నాది."

అల్లుడు ఆ ముక్కని తిప్పి తిప్పి చూశాడు. నేను నేల చూస్తున్నాను. ముందు ఆవిడ గొంతే వినిపించింది.

"ఆ డబ్బా ఇలా ఇవ్వమ్మాయ్." డబ్బా ఒళ్లో పెట్టుకుని కొడుకు వైపు తిరిగింది. "విన్నావా చిన్నబ్బాయ్. మూడేళ్లకి అన్నయ్యగారు నోరు విప్పారు. అదీ నా తరఫున."

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు అల్లుడు.

"నాకెందుకు, మీ అన్నకి చెప్పు."

అతను నిజంగానే లేచి వెళ్లి తొట్టి ముందు వంగి ఏదో గొణిగాడు. కూతురు నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకుంది. ఆవిడ మాత్రం నన్ను వదల్లేదు.

"అంతా బాగానే ఉంది. రేపు మా చెల్లెలు మళ్లీ గిన్నెలు తోముతున్నావా అంటే ఏం చెప్పను అన్నయ్యగారూ?"

"చూస్తాను," అన్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి మూరెడు ప్లాస్టిక్ గొట్టం కోశాను. ఒక కొస ట్యూబు ముక్కతో మూశాను. స్టవ్వు మీద మేకు కాల్చి వరసగా ముప్ఫై బెజ్జాలు పెట్టాను. నలభై ఏళ్లు బెజ్జాలు మూసినవాణ్ణి, నా చేత్తో బెజ్జం పెట్టడం అదే మొదలు. రెండో కొసని మోటారు గొట్టానికి తొడిగి, నీటికి వేలెడు పైన అడ్డంగా బిగించి మోటారు వేశాను. నీళ్లు దారాల్లా జారుతున్నాయి. తొట్టి ఈ చివరనుంచి ఆ చివరిదాకా పైన నీరు వణుకుతోంది. చెవి దగ్గర పెడితే తప్ప చప్పుడు లేదు. పెద్దబ్బాయి అడుగున రాళ్లు ముక్కుతో దొర్లిస్తున్నాడు.

ఆవిడ కుర్చీ తెచ్చి తొట్టి పక్కన వేశాను. లోపలికి వెళ్లి ఫోను తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. నేనూ ఒక స్టూలు లాక్కుని ఆ పక్కనే కూర్చున్నాను.