గాల్లో నిలిచిన ఆమెన్

హనోకు తాతకు పాఠం చెప్పే పద్ధతి ఒక్కటే తెలుసు. దాని పేరు "మళ్ళీ!"

చేతిలో చింతబరికె, ముందు ఒక బల్ల. బల్ల మీద దెబ్బ, ఆ వెంటనే "మళ్ళీ!" తోరణగల్లు దాపున ఉన్న ఆ ఊరి చర్చిలో నలభై ఏళ్లుగా గాయక బృందాన్ని ఆయన అలాగే నడిపాడు. ఆ దెబ్బలకు బల్ల గుంటపడి, వానాకాలంలో అందులో రెండు పిచ్చుకలు స్నానం చేసేవట. ఆయన గొంతెత్తి "మళ్ళీ!" అంటే షిఫ్టు దిగి వస్తున్న ఉక్కు ఫ్యాక్టరీవాళ్లు వెనక్కి తిరిగి డ్యూటీకి పోయారట. ఇందులో పిచ్చుకల సంగతి మాత్రం కాస్త పెంచి చెప్పిందే.

అంత పేరున్న పద్ధతికి పోయిన ఏడాది కోతపండుగనాడు దెబ్బ తగిలింది. పదకొండు మంది పాడారు. పది మంది ఆగారు. టోనీ ఆగలేదు.

టోనీ ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడు. అతని గొంతు బావి అడుగు నుంచి తోడినట్టు వస్తుంది. పాటలో దిగాడంటే కళ్లు మూసుకుంటాడు, ఇక లోకం పట్టదు. అందరూ కూర్చున్నాక కూడా అతను నిలబడి చివరి చరణాన్ని ఇంకోసారి మొత్తం పాడాడు. పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టి, ఆపి, మళ్లీ మొదలుపెట్టి, చివరికి తానూ కూర్చుని విన్నాడు.

ఈ ఏడాది పాస్టరయ్య ఒక నల్ల పెట్టె తెచ్చాడు. మీట నొక్కితే వాయిద్యం, కోరస్, ఆమెన్, అన్నీ అదే పాడుతుంది.

"ఈ కోతపండుగకు మీ పాట నిలబడితే సంతోషం, హనోకప్పా. లేకపోతే ఆపై ఆదివారం నుంచి పెట్టె పాడుతుంది. మీరంతా హాయిగా కూర్చుని వినవచ్చు."

ఆ హాయి మాటకు హనోకు తాతకు మూడు రోజులు అన్నం సహించలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి ఆదివారం పొద్దున్నే లేచి, తలకు నూనె రాసుకుని, చొక్కాకు ఇస్త్రీ చేయించుకునేది హాయిగా కూర్చోడానికా?

కోతపండుగ ఇంకా నెల రోజులుంది. తాత బరికెకు నూనె పట్టించాడు. అది చూసి మనవరాలు వినీల నవ్వింది. ఆమె పక్క ఊరి బడిలో టీచరు.

"తాతా, అరిస్తే టోనీమామకి పాట రాదు. నేర్చుకునేకి ఒగొగరికి ఒగో దోవ ఉంటాది."

"నాకి ఏ దోవ ఉండె? మా అయ్యవారు కొట్టె, నేను పాడితి. అంతే."

"అట్లయితే అందరికీ ఒగటే సైజు చెప్పులిస్తావా?"

"ఇస్తా. బిగుతైతే గట్టిగా నడిచేది."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న తాత భార్య సౌభాగ్యమ్మ తలెత్తకుండానే అంది. "నలభై ఏండ్లు ఆయప్ప చెప్పుల్లోనే నడుస్తాండాం కదమ్మా. కాయలు కాచినాయి చూడు."

ఇంట్లో ఇద్దరు ఒకవైపు చేరితే మూడోవాడు ఏం చేస్తాడు? "సరే, పదైదు దినాలు ఇస్తాండా. చేసి చూపీ," అన్నాడు తాత.

మొదటి రోజే వినీల ఆడవాళ్ల ముందు ఒలవమని ఒక బుట్టెడు చెనిక్కాయలు కుమ్మరించింది. సౌభాగ్యమ్మకు పాట పుస్తకం చేతికిస్తే చరణాలు కలిసిపోయేవి. అదే ఇంట్లో రొట్టె తడుతూ పాడితే ఒక్క అక్షరం పోయేది కాదు. ఇది కళ్లారా చూసిన మనవరాలు, చేతులకు పని పెడితే నోటికి పాట వస్తుందని లెక్క వేసింది. వేరుశెనగ కాయ చిట్లినప్పుడల్లా తాళం పడింది. బుట్ట సగమయ్యేసరికి మొదటి రెండు చరణాలు ఆడవాళ్ల నోటికి వచ్చేశాయి.

"ఇది కీర్తనా, నూనె మిల్లా?" అన్నాడు తాత.

"నోట్లో ఏసుకుంటాండేది ఎవరో మరి," అంది సౌభాగ్యమ్మ. తాత నమలడం ఆపాడు.

బృందంలో పాడే రాబిన్‌ది ఇంకో తీరు. అతను వింటేనే నేర్చుకుంటాడు, అదీ వంద సార్లు వినాలి. వినీల అతని వరస పాడి ఫోన్లోకి ఎక్కించింది. రాబిన్ దాన్ని కంపెనీ బస్సులో పోతూ వస్తూ పెట్టుకున్నాడు. చెవిలో పెట్టుకునే తీగ తెగిపోయి ఉండడంతో అది బస్సంతా వినిపించింది. పదో రోజుకు బస్సులో సగం మంది కూనిరాగం తీస్తున్నారు. డ్రైవరు హనుమంత ప్రతి శనివారం ఆంజనేయస్వామి గుడికి పోయే మనిషి. ఆయన కూడా గేరు మార్చినప్పుడల్లా ఆ పల్లవే ఎత్తుకునేవాడు. ఆయనకు ఒకటే బాధ. మూడో చరణం దగ్గర ఫ్యాక్టరీ గేటు వచ్చేస్తుంది.

"రాబిన్, ఆ పాట కడాకు ఏమవుతాదప్పా? నిద్ర పట్టల్యా నాకి."

"పండుగకి రా అన్నా. అంతా వింటువు."

ఇక మిగిలింది టోనీ. బొమ్మలు గీసి చూపిస్తే తల ఊపాడు, పాడితే కళ్లు మూసుకున్నాడు. చెనిక్కాయలిస్తే తొక్కలతో సహా పొడి చేశాడు. చివరికి వినీల విసిగి అడిగింది. "మామా, అంత పెద్ద క్రేనులో అంత బరువు ఎత్తుతావే. ఆడ ఎట్ల తెలుస్తాది నీకి, ఎప్పుడు ఎత్తల్ల, ఎప్పుడు ఆపల్ల అని?"

"కింద ఒగడు ఉంటాడమ్మా, సైగ చేసేకి. వాని చేతి మీదే నా కన్ను." టోనీ లేచి చూపించాడు. వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తు. కిందికి పెట్టి తిప్పితే దించు. రెండో అరచేయి దానికి అడ్డం పెడితే మెల్లగా. పిడికిలి మూస్తే ఆపు.

వినీల కళ్లు మెరిశాయి. మర్నాడు ఆమె పాట మొదలుపెట్టి వేలు పైకి తిప్పింది. టోనీ కళ్లు మూయలేదు. ఆమె వేలునే చూస్తూ గొంతు లేపాడు. అరచేయి అడ్డం పెడితే, బరువును గుడ్ల మీద దించుతున్నంత మెత్తగా తగ్గించాడు. పిడికిలి మూసింది. ఆగిపోయాడు! చర్చిలో బల్లి అరుపు వినిపించింది.

అంతలో పక్కనుంచి ఠప్‌మని బరికె దెబ్బ. "మళ్ళీ!"

టోనీ గొంతు అటూ ఇటూ ఊగి ఎక్కడికో పోయింది.

"హనోకప్పా," అన్నాడు అతను చేతులు జోడించి, "క్రేను కాడ ఒగడే సిగ్నల్ ఇయ్యల్ల. ఇద్దరిస్తే లోడు ఎవని నెత్తిన పడతాదో దేవునికే ఎరుక. ఆ కట్టె ఊరికే పక్కన పెట్టప్పా."

తాత బరికెను చొక్కా అంచుతో ఒకసారి తుడిచాడు. తరవాత దాన్ని సౌభాగ్యమ్మ చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి అది పెరట్లో కోళ్లను తోలే ఉద్యోగంలో చేరింది.

అంతా కుదిరిందనుకుంటే, పండుగకు మూడు రోజుల ముందు వినీలకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. శని, ఆదివారాలు బళ్లారిలో టీచర్లకు శిక్షణ. విషయం, పిల్లల తీరును బట్టి పాఠం చెప్పడం ఎలా. రాకపోతే సంజాయిషీ ఇచ్చుకోవాలి.

"సైగలు నువ్వే చెయ్యల్ల తాతా. ఇంకెవరుండారు?"

పెట్టె చర్చి మూలన నల్లగా కూర్చుని ఉంది. తాత సరేనన్నాడు.

వినీల సైగలన్నీ అట్ట మీద గీసి ఇచ్చింది. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని గంటసేపు చదివాడు. రాబిన్ ఫోన్లో పెట్టి వినిపిస్తే గురక పెట్టాడు. సౌభాగ్యమ్మ చెనిక్కాయలు ముందు పోస్తే సైగలు రాలేదు గానీ కాయలు అయిపోయాయి. శుక్రవారం సాయంత్రానికి ఆయనకు ఎత్తేది తెలుసు, దించేది తెలీదు.

డ్యూటీ దిగి తాత ఇంటికి వచ్చిన టోనీ ఇదంతా చూశాడు. పెరట్లోకి పోయి, కోళ్ల దగ్గరున్న బరికె తెచ్చి, బల్ల మీద ఒక్కటి వేశాడు. "మళ్ళీ!"

తాత ఉలిక్కిపడి వేలు కిందికి తిప్పాడు.

"అది కాదు! మళ్ళీ!"

రెండు గంటల్లో అన్నీ వచ్చేశాయి. తాత చెమట తుడుచుకున్నాడు. వినీల నవ్వు బయటపడకుండా పెదవి బిగించుకుని గోడ వైపు తిరిగింది.

"సూస్తివామ్మా," అంది సౌభాగ్యమ్మ. "ఈయప్ప దోవ ఈయప్పకి దొరికె."

ఆదివారం చర్చి నిండా జొన్న కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు. చివరి వరసలో హనుమంత, మెడ చాచి కూర్చున్నాడు. పాస్టరయ్య పెట్టె పక్కనే నిలబడ్డాడు, మీట మీద వేలు పెట్టుకుని.

తాత వేలు లేచింది. పాట లేచింది. ఒక చరణం, రెండు, మూడు. హనుమంత ముందుకు వంగాడు. నాలుగు. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆమెన్ వచ్చింది. తాత వేలు పైకి తిప్పాడు. పదకొండు గొంతులూ కలిసి లేచాయి.

అప్పుడు జరిగింది అసలు సంగతి. నలభై ఏళ్లలో హనోకు తాత విన్నదంతా తన బరికె చప్పుడే. ఇప్పుడు చేతిలో బరికె లేదు. సౌభాగ్యమ్మ గొంతులో ఆ చిన్న జీర ఆయన మొదటిసారి విన్నాడు. రాబిన్ గొంతు దాని పక్కన నడవడం విన్నాడు. అన్నిటి కిందా టోనీ, పునాదిరాయిలా. వింటూ వింటూ ఆయన వేలు దించడం మరిచిపోయాడు.

సైగ రాందే క్రేనువాడు లోడు వదలడు. ఆమెన్ గాల్లోనే నిలిచింది. రాబిన్ ముఖం వంకాయ రంగుకు తిరిగింది. ఆడవాళ్లు వంతులవారీగా ఊపిరి పీల్చారు. దూలాల మీద ఏళ్లుగా పేరుకున్న ఎర్రధూళి రాలి పాస్టరయ్య తెల్లంగీ మీద పడింది. టోనీ మాత్రం కన్నార్పకుండా ఆ వేలునే చూస్తున్నాడు.

"ఏమయ్యో!" సౌభాగ్యమ్మ కేక పెట్టింది. "దించు! లోడు దించు!"

తాత ఉలిక్కిపడ్డాడు. అరచేయి అడ్డం పెట్టాడు. మెల్లగా, మెల్లగా వేలు కిందికి తిప్పి, పిడికిలి మూశాడు.

పదకొండు గొంతులూ ఒక్కసారే ఆగాయి. చివరి వరస నుంచి హనుమంత, "అయిపాయనా? ఇంగా ఉంటే బాగుండు," అన్నాడు.

పాస్టరయ్య భుజాల మీది ధూళి దులుపుకున్నాడు. పెట్టె తీగను గోడలోంచి పీకి చుట్టడం మొదలుపెట్టాడు. "ఇంత పొడుగు ఆమెన్ దీనిలో లేదులే, హనోకప్పా."

రాత్రి వినీల బళ్లారి నుంచి దిగేసరికి తాత వాకిట్లోనే కాచుకుని ఉన్నాడు. పాట సంగతి ఆమెకు ఫోన్లో పదకొండు మందీ అప్పుడే చెప్పేశారు.

"మీ శిక్షణ ఎట్లుండె?"

"ఒగాయప్ప రెండు దినాలూ కూర్చోబెట్టి కాగితం చదివె తాతా. ఒగొగ పిల్లోనికి ఒగో దోవ ఉంటాదంట. మేమంతా నిద్రపోతిమి."

తాత మీసం దువ్వుకున్నాడు.

"ఆయప్పను ఒగ ఆదివారం ఈడికి పిలువు," అన్నాడు. "బుట్టెడు చెనిక్కాయలు ముందర కుమ్మరిద్దాం. దానికీ లొంగకపోతే, టోనీ కాడ బరికె ఉండనే ఉండాది."